తూర్పుకి వాలిన మల్లె

రంగూన్
1897 మే 30

దేవుని కాపుదలలో ఉన్న మరదలు సంపూర్ణమ్మకి, వదిన దీనమ్మ ఎవరిచేతా రాయించకుండా తన చేత్తోనే రాసుకున్న సంగతులు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. బైబిలమ్మగారి దగ్గర మనిద్దరం ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాం. నీకు వచ్చినంత నాకు రాలేదు. ఆ మాట నువ్వు మళ్ళీ చెప్పక్కర్లేదు.

నేను క్షేమంగా చేరాను. కాకినాడలో చిన్న పడవలోంచి ఓడలోకి ఎక్కించేటప్పుడు మాత్రం ఇక మన వెదుళ్ళలంక మొహం చూడనేమో అనుకున్నాను. రూతుకి ఎనిమిదో నెల, పాదాలు బాగా వాచాయి. కన్నతల్లిని కదా, నాకు భయంగానే ఉంది గానీ దాని ముందు బయటపడటం లేదు. అల్లుడు సామ్యేలు బియ్యం మిల్లులో గుమాస్తా. పొద్దున పోతే దీపాలవేళకి వస్తాడు. మంచివాడే. మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్ళకి కాదని చెప్పడం కష్టం, అదొక బెంగ.

సరే, కుండీల సంగతి. వచ్చేటప్పుడు రేవులో చెప్పాను గానీ పడవ వీరాస్వామి తొందరపెట్టడంతో సగమే చెప్పాను. పైమట్టి ఎండింది కదా అని నీళ్ళు పొయ్యకు. వేలి కణుపుతో కుండీ కడుపు మీద తట్టి చూడు. ఖంగుమంటే లోపల ఎండింది, పొయ్యి. మొద్దుగా పలికితే లోపల తడి ఉంది, పొయ్యకు. మందారానికి దాహం ఎక్కువ, నందివర్ధనం ఓర్చుకుంటుంది. కనకాంబరానికి బియ్యం కడుగు పొయ్యి. మల్లె గోలేన్ని మాత్రం ఆదివారం గుడి నుంచి వస్తూ మీ ఆయన చిట్టియ్య అన్నయ్య చేత కాస్త తిప్పించు. మా అరుగు పడమటి ముఖం, ఎండంతా సాయంకాలమే. తిప్పకపోతే మొక్క అటే వాలిపోతుంది. మీ అన్నయ్య బతికుండగా ధవళేశ్వరంలో దొరగారి తోటలో అంటు కట్టి తెచ్చిన మల్లె అది. గోలేనికి అడుగున చిల్లి పెట్టింది కూడా ఆయన చేత్తోనే. ఆ చిల్లి మీద పెంకు కదిలిందేమో చూడు. నీళ్ళు కిందికి దిగకపోతే వేరు కుళ్ళుతుంది.

ఇవన్నీ నేలలో పెట్టుకోక ఈ మోత ఎందుకమ్మా అంటోంది రూతు. ఏటా గోదారి వచ్చి నానబెట్టి పోయే లంకలో నేలని ఎవరు నమ్ముతారే అన్నాను. పట్నం వచ్చి అన్నీ మరిచిపోయింది.

బిడ్డకి మూడో నెల దాటగానే బయల్దేరతాను. క్రిస్మసుకి మన గుడిలో నా చోట నేను ఉంటాను.

మీ వదిన
దీనమ్మ

మరిచాను. మా ఇంటి తాళం వానకి తుప్పు పడుతుంది. ఆముదం రాయి.


వెదుళ్ళలంక
1897 జూన్ 21

మా వదినకి సంపూర్ణ వందనాలు.

నీ ఉత్తరం తపాలా బంట్రోతు ఆత్రేయపురం రేవు దాటి తెచ్చిచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూశాను. నువ్వెలా ఉన్నావని నన్ను అడిగిన చోటు దొరకలేదు. మందారమై పుట్టినా బాగుండేది. అడిగావనే అనుకుని చెబుతున్నాను, బాగానే ఉన్నాను. మోకాళ్ళు మాత్రం మాట వినడం లేదు.

నువ్వు చెప్పినట్టే రోజూ మీ అరుగు మీదికి పోయి కుండీలు తడుతున్నాను. మొన్న మా ఆయన అటు వస్తూ చూసి, "తాళం వేసిన ఇంటి ముందు కూచుని ఎవర్ని పిలుస్తున్నావే?" అన్నారు. మా వదిన పలుకుతుందేమోనని అన్నాను. నవ్వుతూ అన్న మాటే. అన్నాక ఇంకోసారి తట్టాను.

మల్లె బాగుంది. ఆఖరు పూలు గుడిలో బల్ల మీద పెట్టాను. ఉపదేశి ఏసుపాదంగారు నీ ఓడ ప్రయాణం క్షేమంగా జరగాలని చాలాసేపు ప్రార్థన చేశారు. చేరిపోయిందండీ అని మధ్యలో చెప్పడం బాగుండదని నేనూ ఆమెన్ అన్నాను.

రూతు పాదాలు ఉప్పు వేసిన వేడినీళ్ళలో పెట్టించు. దిగులు పడకు అని రాయను. రాసినా పడతావు.

సంపూర్ణ


రంగూన్
1897 జూలై 19

సంపూర్ణకి, రెండు ప్రాణాలు వేరుపడిన సంతోషంతో వదిన రాసేది.

రూతు సుఖంగా ప్రసవించింది. ఆడపిల్ల. ముక్కు అచ్చం మీ అన్నయ్యదే. దేవుడికి వెయ్యి స్తోత్రాలు. పిల్ల రాత్రంతా ఏడుస్తుంది, పాలు చాలడం లేదేమో. లేక గాలి సోకిందేమో. లేక నేనే ఎక్కువ అనుకుంటున్నానేమో.

ఇక్కడ వాన ఎలా కురుస్తుందో చెప్పలేను. మేం ఉండేది చెక్క మేడ మీద. కిందికి చూస్తే బురద, చుట్టూ చూస్తే చెక్క. పిడికెడు మట్టి చేత్తో పట్టుకుని ఎన్నాళ్ళయిందో. ఒక బిస్కత్తుల డబ్బాకి మేకుతో చిల్లి పొడిచి ఏదో ఒక కొమ్మ గుచ్చుదామనుకున్నాను. మట్టి ఎక్కడ దొరుకుతుందని అల్లుణ్ణి అడగడానికి సిగ్గేసింది. ఈ ఊళ్ళో ముసలమ్మలు కూడా కొప్పులో పూలు పెట్టుకుంటారు సంపూర్ణా, విధవలు కూడా. పక్కింటావిడ ఒక పువ్వు తెచ్చి నా కొప్పులో పెట్టింది. వెంటనే తీసేశాను గానీ పారెయ్యలేదు.

గోదారి నీళ్ళు ఎర్రబడ్డాయా? నాకు నిద్ర పట్టడం లేదు. వరద వస్తే ముందు కుండీల సంగతి చూడు, మిగతావి తరవాత. నీళ్ళు తియ్యగానే మళ్ళీ దేని చోట దాన్ని పెట్టు. చోటు మారితే అలిగి మొగ్గ రాల్చేస్తాయి. మందారానికి తెల్లపురుగు పడితే కట్టెల బూడిద చల్లు. ముందు కుండీలు. మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు.

దీనమ్మ


వెదుళ్ళలంక
1897 ఆగస్టు 24

వదినకి వందనాలు. మనవరాలికి నా ముద్దులు.

వరద వచ్చింది, తీసింది. ఈసారి పెద్దదే. లంకలో మనుషులెవరికీ ఏమీ కాలేదు. నీ కుండీలన్నీ ఉన్నాయి. గోలెం ఉంది. మల్లె ఉంది.

రూతు పచ్చి బాలింత, చల్లగాలి తగలనివ్వకు. నువ్వు వేళకి తిను. నాకు పనులున్నాయి.

సంపూర్ణ


రంగూన్
1897 సెప్టెంబరు 16

సంపూర్ణకి వదిన దీనమ్మ భయపడుతూ రాసేది.

నీ ఉత్తరం అరచెయ్యి అంత లేదు. నువ్వు నన్ను ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదంటే ఏదో జరిగిందన్నమాట. మల్లె ఉంది అని రాశావు. బాగుంది అని రాయలేదు. ఉండటం వేరు, బాగుండటం వేరు. నిజం చెప్పు, వరద నీళ్ళు గోలెంలోకి ఎక్కాయా? వేరు కుళ్ళిందా? ఎండిన మోడు పెట్టుకుని ఉంది అంటున్నావా?

చిట్టియ్య అన్నయ్యకి బాగుందా? ఈసారి నిన్నూ అడుగుతున్నాను, నువ్వెలా ఉన్నావు?

పిల్ల ఇప్పుడు నవ్వుతోంది. నేను ఎత్తుకుంటే ఊరుకుంటుంది, వాళ్ళమ్మ ఎత్తుకుంటే ఊరుకోదు. అది చూపించి సామ్యేలు, "మీరు లేకపోతే ఎలాగండీ అత్తగారూ" అంటాడు. మెత్తగానే అంటాడు.

నాకు నమ్మకం కలగాలంటే మల్లె ఆకు ఒకటి తుంచి ఉత్తరంలో పెట్టి పంపు. ఎండినా ఫరవాలేదు, నాకు తెలుస్తుంది.

తాళానికి ఆముదం రాశావా? ఆ సంగతి నువ్వు ఒక్కసారీ రాయలేదు.

దీనమ్మ


వెదుళ్ళలంక
1897 అక్టోబరు 12

అనుమానాల వదినకి సంపూర్ణ వందనాలు.

ఇదిగో ఆకు. తడుముకో, వాసన చూడు, నాలిక మీద పెట్టుకుని రుచి కూడా చూడు. మా ఆయన అంటున్నారు, వచ్చేసారి కొమ్మ అడుగుతుంది, ఆపైన గోలెమే ఓడెక్కించమంటుంది అని. ఉపదేశిగారిని అడిగితే ఇది దీనమ్మగారి మల్లె ఆకే అని సంతకం చేసిస్తారు, పంపమంటావా?

మల్లె బాగుంది. అదిగో, రాశాను. బాగుంది, బాగుంది. వరద తీశాక మళ్ళీ లేత చిగుళ్ళు వచ్చాయి. మందారం రోజూ పూస్తోంది. కనకాంబరం కొంచెం చిన్నబోయి మళ్ళీ తేరుకుంది. ఈ మధ్య పనుల్లో పడి గోలెం తిప్పడం మానేశాను. అందుకని మల్లె కాస్త తూర్పుకి వాలింది, అంతే. మా ఆయనకి నడుం పట్టేసింది, తగ్గాక తిప్పిస్తాను. తట్టడం మాత్రం మానలేదు.

పిల్లకి పేరేం పెట్టారు? నీ ముక్కు రాకపోవడం దేవుడి దయ.

సంపూర్ణ


రంగూన్
1897 నవంబరు 8

సంపూర్ణమ్మకి.

ఆకు చేరింది. మన మల్లె ఆకే. చూసి ఏడ్చాను. బైబిల్లో పెట్టుకున్నాను. తరవాత నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

మా అరుగు పడమటి ముఖం. వెనకాల గోడ. అక్కడ ఉన్న మొక్క వాలితే పడమటికి వాలాలి గానీ తూర్పుకి ఎలా వాలుతుంది? గోడలోకి వాలుతుందా? ఇన్నేళ్ళుగా తిప్పుతున్న చేతులు ఇవి. నాకు చెప్పకుండా దాచగలననుకున్నావు.

మీ అరుగు తూర్పు ముఖం. నా కుండీలు మీ ఇంటికి మోసుకుపోయావు.

అంటు ఇమ్మని నువ్వు అడిగినప్పుడు నేను ఇయ్యలేదు, నిజమే. ఆయన పోయిన ఏడాది అది, ఆ కొమ్మ మీద కత్తి పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అది మనసులో పెట్టుకుని నేను ఊళ్ళో లేని సమయం చూసి చెట్టుకి చెట్టే పట్టుకుపోతావా? దారిన పోయేవాళ్ళు చూసి సంపూర్ణమ్మ మల్లె ఎంత బాగుందో అంటుంటే నీకు బాగానే ఉండి ఉంటుంది. ఖాళీ అరుగుతో మా ఇల్లు ఎలా ఉందో ఎవరైనా చూశారా?

ఇక్కడ నా బాధ నాకుంది. క్రిస్మసుకి రానివ్వరు. పిల్లకి జలుబు. పేరు మార్త. సామ్యేలు మొన్న, "అక్కడ మీకు ఏముందండీ, ఒక్కరే కదా, ఇక్కడే ఉండిపోండి" అన్నాడు. నాకు ఇల్లుంది బాబూ అన్నాను. ఆ ఒక్క మాటకే అతను ఊరుకున్నాడు. ఇంకేం చెప్పినా దానికి అతని దగ్గర మెత్తటి జవాబు ఉంది.

దీనమ్మ


వెదుళ్ళలంక
1897 నవంబరు 30

వదినకి.

అవును, కుండీలు మా అరుగు మీదికి తెచ్చుకున్నాను. రోజూ అంత దూరం పోవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఎవరివని అడిగితే మా వదినవి అనే చెబుతున్నాను. ఒక్క పువ్వు నా కొప్పులో పెట్టుకోలేదు. ఏసుపాదంగారిని అడుగు, మొదటి పువ్వు నుంచి ఆఖరు పువ్వు దాకా గుడి బల్లకే ఇచ్చాను.

చెప్పకుండా తేవడం తప్పే. అంటు మాట నేను ఎప్పుడో మరిచిపోయాను. నువ్వు మరవలేదని ఇప్పుడు తెలిసింది.

కోపం ఉంటే వచ్చి తిట్టు.

సంపూర్ణ


రంగూన్
1897 డిసెంబరు 27

నా సంపూర్ణకి, పండగ పూట ఒంటరిగా కూర్చుని వదిన రాసేది.

క్రిస్మసు నాడు ఇక్కడి పెద్ద గుడికి తీసుకెళ్ళారు. పాటలు మనవే, నోళ్ళు మనవి కాదు. నా పక్కన నువ్వు కూర్చుని అపస్వరంలో పాడుతుంటే మోచేత్తో పొడిచేదాన్ని. ఎవరూ అపస్వరం పాడలేదు. గుడి నుంచి వచ్చాక నీ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాను. కొప్పులో పువ్వు పెట్టుకోలేదని రాశావే, అది చదివి నాకు సిగ్గేసింది. నేను రాసిన మాటలు చింపెయ్యి. ఇన్ని ఉత్తరాల్లో నన్ను రమ్మని నువ్వు రాసింది ఒక్కచోటే, అదీ తిట్టడానికి.

తిట్టడానికి కాదు గానీ వస్తున్నాను. ఫిబ్రవరి ఆఖర్లో ఓడ ఉందట. సామ్యేలు మొహం చిన్నబుచ్చుకున్నాడు. రూతు ఏడ్చింది. పిల్లని వదిలి రావడం నాకూ కష్టమే. కానీ ఇల్లుంది, తాళం వేసి వచ్చాను, ఎన్నాళ్ళు అలా ఉంచుతాను అన్నాను. కాదనలేకపోయాడు.

నేను వచ్చేలోగా నువ్వు చెయ్యాల్సినవి. కుండీలు మా అరుగు మీదికి చేర్పించు. నీ మోకాళ్ళు కదపకు, వీరాస్వామికి చెప్పు. ఇంటి కప్పు మీద తాటాకు కొత్తది వేయించాలి, వరదకి పాతది చీకి ఉంటుంది. తలుపు తీసి గాలి పోనివ్వు. జనవరి సగం దాటాక మల్లెకి నీళ్ళు పూర్తిగా ఆపెయ్యి. అది దప్పికపడి ఆకులు వాడాలి, అప్పుడే వేసవికి విరగబూస్తుంది. జాలిపడి పొయ్యకు.

కళ్ళు మూసుకుంటే ఎలా కనిపిస్తుందో తెలుసా? పడవ మలుపు తిరగ్గానే ముందు మల్లె కొమ్మలు, తరవాత గోలెం, దాని వెనక మా తలుపు. పడవలో నుంచుంటే వీరాస్వామి, "కూచోండమ్మా, ఇల్లెక్కడికీ పోదండీ" అంటాడు ప్రతిసారీ. ఈసారి కూడా అనాలి.

దీనమ్మ


వెదుళ్ళలంక
1898 జనవరి 18

వదినకి సంపూర్ణ చేతులు జోడించి రాసేది. రూతుని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

మీ ఇల్లు లేదు వదినా. ఆగస్టు వరదకి ఏటి కోతలో పోయింది.

ఆదివారం ఆరాధన అయ్యి బయటికి వచ్చేసరికి మీ అరుగు ముందు నేల పొడుగునా బీట ఇచ్చింది. వీరాస్వామి పడవని అరుగు దాకా తెచ్చాడు. మా ఆయన లోపలికి పోయి మీ పెట్టె గడప దాకా ఈడ్చారు. నేను కుండీలు అందిస్తున్నాను. "మట్టి ఎందుకండీ అమ్మా, పెట్టె ఇవ్వండి" అని వీరాస్వామి అరుస్తూనే ఉన్నాడు. నా చెవిలో నీ ఉత్తరమే ఉంది, ముందు కుండీలు, మిగతావి తరవాత అని. గోలెం ఎత్తడానికి ముగ్గురం పట్టాం. పెట్టె కోసం మళ్ళీ వెనక్కి తిరిగేసరికి గడప లేదు. తాటాకు కప్పు నీళ్ళ మీద తేలుతూ మలుపు దాకా కనిపించింది.

పెట్టెలో మా అన్నయ్య పంచె ఉంది, నీ పెళ్ళి చీర ఉంది. మంచం పోయింది. పెట్టె వదిలేసి మట్టి మోసుకొచ్చావు అని మా ఆయన ఇప్పటికీ అంటారు. నువ్వు ఒక్క ఉత్తరంలో పెట్టె మాట రాసి ఉంటే పెట్టే తెచ్చేదాన్ని. నువ్వు కుండీలే అడిగావు వదినా. నీకు అవే ముఖ్యం అనుకున్నాను.

మొదట బాలింత ఉన్న ఇంట్లో ఏడుపు ఎందుకని చెప్పలేదు. తరవాత చెబుదామనుకునేసరికి ఇల్లుంది అనే మాటతో మీ అల్లుణ్ణి ఆపుతున్నానని రాశావు. ఆ మాట నీ నోట్లోంచి నేను తీసేస్తే నువ్వు ఇక రావు. రమ్మని రాయడానికి చూపించే ఇల్లు లేదు, రావద్దని రాయడానికి చెయ్యి రాదు. దొంగతనం ఒప్పుకోవడమే తేలిక అనిపించింది.

మీ అరుగు ఉన్న చోట ఇప్పుడు వీరాస్వామి పడవ కడుతున్నాడు. తాళంచెవి ఇంకా నా బొడ్డునే ఉంది. తాళం గోదారిలో ఉంది. ఆముదం రాయలేదు.

మల్లెకి నీళ్ళు ఆపేశాను. దాన్ని చూస్తే నాకే దాహమేస్తోంది.

నీ ఇష్టం వదినా. ఉండిపోతే రూతు దగ్గర సుఖంగా ఉంటావు, నేనేమీ అనుకోను. అనుకుంటాను.

సంపూర్ణ


రంగూన్
1898 ఫిబ్రవరి 9

మా సంపూర్ణకి వదిన దీనమ్మ ముద్దు పెట్టి రాసేది.

రూతుని పక్కన కూర్చోబెట్టుకోకుండానే చదివేశాను. నువ్వు అలా రాశావంటే ఆగుతానా? పంచె గురించి ఏడ్చాను, అబద్ధం ఎందుకు. ఇంటి గురించి ఏడుపు ఇంకా రావడం లేదు. మలుపు తిరిగాక వస్తుందేమో. నీ మీద కోపం కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. కుండీలు, కుండీలు అని రాసింది నేనే. పెట్టె ఎక్కడికి పోతుంది, ఇల్లెక్కడికి పోతుంది అనుకున్నాను. అందరిలోకీ ఎక్కువ భయపడే మనిషిని, భయపడవలసిన దానికి తప్ప అన్నిటికీ భయపడ్డాను.

అల్లుడికి ఉత్తరం చదివి వినిపించాను. అతను ఉత్తరం తీసుకుని తనూ ఒకసారి చదువుకున్నాడు. తరవాత, "ఇప్పుడు ఇల్లు కూడా లేదు కదండీ అత్తగారూ" అన్నాడు. లేదు బాబూ, కానీ మల్లెకి ఆకు దూసే వేళ అయింది, మా మరదలికి అది చేతకాదు అన్నాను. నవ్వాడు. ఓడకి టిక్కెట్టు తనే తెచ్చాడు. ఈ నెల ఆఖర్లో బయల్దేరుతున్నాను. పిల్లని వదిలి ఎలా ఉంటానో తెలియదు. రూతుకి బిస్కత్తుల డబ్బాలో కొమ్మ గుచ్చి ఇచ్చాను, పక్కింటావిడ మట్టి తెచ్చింది. తట్టి చూడటం నేర్పుతున్నాను. రేకు కదా, ఎప్పుడూ ఖంగుమనే మోగుతోంది. అదొక బెంగ.

ఆకు నేను వచ్చి దూస్తాను, నువ్వు ముట్టుకోకు. మోడులా కనిపిస్తే భయపడి నీళ్ళు పొయ్యకు. తాళంచెవి పారెయ్యకు, మందారం మొదట్లో గుచ్చు. ఇనుం తుప్పు దిగితే ఆకు ముదురు పచ్చగా వస్తుంది. గోలెం మళ్ళీ తిప్పొద్దు. తూర్పుకి అలవాటు పడింది కదా, అలాగే ఉండనీ. వానాకాలంలో ఒక కొమ్మ వంచి నీకు అంటు కడతాను, కాదనకు. నాకు మీ అరుగు మీద మంచం వెయ్యి, మల్లె పక్కన. చిట్టియ్య అన్నయ్యని అడిగి వెయ్యి. ఆయన ఒప్పుకోకపోతే ఎలా అని నాకు నిన్నటి నుంచీ నిద్ర లేదు. ఈ ఏడు మొదటి పూలు గుడికి ఇచ్చాక, రెండు నీ నెరిసిన కొప్పులో నేనే పెడతాను.

రేవుకి రావద్దు, నీ మోకాళ్ళకి ఆ ఒడ్డు మంచిది కాదు. ఇంట్లోనే ఉండు. నేను పడవ దిగి మీ అరుగెక్కి, లోపలికి రాకుండా ముందు గోలెం తడతాను. ఆ చప్పుడు విని బయటికి రా.

దీనమ్మ